పింగాణీ ముక్క

నిదానం అప్పటికి రెండోసారి ఇంజను ఆయిల్‌ని టీ జల్లెడలో వడపోస్తున్నాడు.

జల్లెడ భార్యది. పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళిన అదను చూసి వంటింట్లోంచి చొక్కా జేబులోకి చేరింది. ఇదివరకు అలా వెళ్ళిన జల్లెడలేవీ మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. ఒక్కటి మాత్రం తిరిగొచ్చి, టీకి డీజిల్ రుచి తెచ్చిపెట్టింది. అప్పట్నుంచీ ఆవిడ ఏ జల్లెడనైనా ముందు ముక్కుకి చూపించి గాని వాడదు.

వాటర్ స్కూటర్లు బాగుచేసే ఆ షెడ్డులో అందరూ అతన్ని నిదానం అనే పిలుస్తారు. అసలు పేరు చివరిసారి శుభలేఖలో కనిపించిందని భార్య అంటుంటుంది. షెడ్డు ఆవిడ తమ్ముడిది. బావ చేతి పని మీద అతనికి ఎంత నమ్మకమో, ఆ చేతి వేగం మీద అంత కడుపుమంట.

స్టాండు మీదున్నది తీరం కాపలా స్కూటరు. కొట్టుకుపోయేవాళ్ళని లాక్కురావడానికి ఒడ్డు మొత్తానికీ ఉన్న స్కూటరు అదొక్కటే. దాన్ని నడిపేది బావమరిది కూతురు. నిన్న సగం వేగం దాటి ఎక్కనని బండి మొండికేసింది. గాలిని ఇంజను నోట్లో కుక్కి కుక్కి పెట్టే సూపర్‌చార్జర్ పని మానేసిందన్నమాట. నిదానం దాన్ని ఊడదీసి ఇరుసు తిప్పి చూశాడు. చేతికి బిగువుగా ఎదురు తిరగాల్సిన ఇరుసు బొంగరంలా తిరిగింది. విప్పితే లోపలి క్లచ్‌లో పింగాణీ వాషరు ఒకటి ముక్కలైంది. ఉక్కు వాషర్లు వేసి బిగించడం ఎంతసేపు? సూపర్‌చార్జర్ ముస్తాబై పెళ్ళికొడుకులా బల్ల మీద కూర్చుంది.

చిక్కంతా ఇంజనుతోనే. పగిలిన ముక్కలు రాలింది అందులోకే. ఒక్కటి మిగిలినా ఆయిల్ పంపులో ఇరుక్కుంటుంది. ఆయిల్ అందక ఇంజను నడినీళ్ళలో పట్టేస్తుంది. అందుకే దొరికిన ముక్కల్నల్లా నిదానం ఒక నల్ల సాసరులో, విరిగిన గాజుని అతికినట్టు, గుండ్రంగా పేర్చుకుంటూ వచ్చాడు. చిటికెనవేలి గోరంత ఖాళీ ఇంకా మిగిలే ఉంది.

"ఇంకా ఎంతసేపు బావా?" గుమ్మంలోంచి బావమరిది.

"ముక్క దొరికేంతసేపు."

"అయస్కాంతం పెట్టి లోపలంతా తిప్పాను. ఏమీ అంటుకోలేదు. శుభ్రంగా ఉంది."

"ఇంటికెళ్ళి మీ అక్క టీ కప్పుకి పెట్టి చూడు, అంటుకుంటుందేమో."

బావమరిది ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడు. ఆ తరవాత మొహం ఎర్రబడింది.

నిదానం ఎడమ భుజం రుద్దుకున్నాడు. పొద్దుట్నుంచీ దవడ దాకా ఏదో లాగుతోంది. గ్యాస్ అనుకున్నాడు. ఒంట్లో తేడా ఏదొచ్చినా అతను గ్యాస్ ఖాతాలోనే వేస్తాడు.

అంతలో వాకీటాకీ గరగరమంది. నీళ్ళలో తేలే గాలిబుడగ చాప మీద నిద్రపోయిన మనిషెవరో రాళ్ళవైపు కొట్టుకుపోయాడు. హద్దు కోసం కట్టిన పీపాని పట్టుకుని వేలాడుతున్నాడు. పెద్ద పడవ బయల్దేరింది గాని, ఆ రాళ్ళ మధ్యకి అది పోలేదు.

మేనకోడలు పరుగున వచ్చింది. లైఫ్ జాకెట్ బిగించుకునే ఉంది, మెడలో ఈల ఊగుతోంది.

"మావయ్యా, బండి!"

"లేదమ్మా."

"మనిషి పీపా పట్టుకుని వేలాడుతున్నాడు!"

"ఈ బండేసుకుని వెళ్తే అక్కడ ఇద్దరు వేలాడతారు."

బావమరిదికి ఓపిక తెగింది. మూతా స్పానరూ చేతికి తీసుకున్నాడు. "తప్పుకో బావా. గోరంత ముక్క! ఏ మూలో పడి చచ్చుంటుంది. నేను బిగిస్తాను."

నిదానం తెరిచి ఉన్న ఇంజను కంతలో అరచెయ్యి పెట్టేశాడు. "బిగించు. నా వేళ్ళతో సహా బిగించు. దీనిమీద వెళ్ళేది నీ కూతురు."

వాకీటాకీలో ఎవరో "పట్టుకో, వదలకు" అని అరుస్తున్నారు. అమ్మాయి తండ్రినీ మావయ్యనీ మార్చి మార్చి చూసింది. చివరికి తండ్రి నడుముకున్న టార్చి లాగి నిదానం భుజం మీంచి లోపలికి పట్టింది. "కానీ మావయ్యా, నీకు దండం పెడతాను, తొందరగా!"

"కొత్త ఆయిల్ అందుకో. బండి ముక్కుని ఎటు వాల్చమంటే అటు వాల్చండి."

తండ్రీకూతుళ్ళు బండిని ఓ పక్కకి ఒరగేసి పట్టుకున్నారు. నిదానం పై కంతలోంచి ఆయిల్‌ని సన్నటి దారంలా పోస్తూ కింద జల్లెడ పట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ నలుపులో కళ్ళతో పనేముంది? ఆయిల్ జారింది. ఏమీ లేదు. "ఇంకొంచెం వాల్చు." బావమరిది మోకాలు ఆనించి వాల్చాడు. "ఇంకొంచెం."

టిక్.

ఆ చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

నిదానం ముక్కని వేళ్ళతో తుడిచి సాసరులో పెట్టాడు. ఖాళీలో సరిగ్గా కూర్చుంది. నిదానం చేతులు ఆ పేరుని మరిచిపోయాయి. పంపు మూత, సూపర్‌చార్జర్, బోల్టులు, ఆయిల్... తాను పదేళ్ళుగా తిట్టిపోసింది ఈ చేతుల్నేనా అని బావమరిది స్పానర్లు అందిస్తూ చూశాడు.

బండి నీళ్ళలోకి జారింది. అమ్మాయి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. బావమరిది దుర్భిణీ పట్టుకుని ఒడ్డుకి పరిగెత్తాడు.

నిదానం నీళ్ళ పంపు దగ్గర నిలబడి జల్లెడని సబ్బుతో తోమాడు. వాసన చూసి మళ్ళీ తోమాడు. చెవి మాత్రం నీళ్ళమీదే ఉంది. ఇంజను గొంతు లేచింది. నిన్న ఆగిపోయిన చోట ఆగలేదు. దాని మీద సూపర్‌చార్జర్ సన్నటి ఈల మొదలై, పైకి, ఇంకా పైకి పోయింది.

"ఎక్కింది," అన్నాడు, వినేవాళ్ళు లేకపోయినా.

జల్లెడని మేకుకి తగిలించి, పాత స్కూటరు సీటు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

పీపా మనిషిని ఒడ్డున దించి అమ్మాయి తడిబట్టలతోనే షెడ్డులోకి దూసుకొచ్చింది. "మావయ్యా, గాలిలా పోయిందనుకో!" నిదానం తల ఓ పక్కకి వాల్చుకుని ఉన్నాడు. ఇంజను వింటున్నప్పుడు అలాగే వాలుస్తాడు. అందుకే ఆమె కాసేపు అడ్డు రాకుండా నిలబడింది. వినడానికి బయట ఇంజనేదీ లేదని ఆమెకి మెల్లగా తట్టింది.

భార్య వచ్చేసరికి జనం చేరారు. ఎవరో కుర్చీ వేశారు. ఆవిడ కూర్చోలేదు. అతని దగ్గర చాలాసేపు నిలబడి, తరవాత బల్ల వైపు చూసి, చెయ్యి చాపి మేకు మీది జల్లెడ అందుకుంది. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

సబ్బు వాసన తప్ప ఇంకే వాసనా లేదు ఆ జల్లెడకి.