నీకింక రాదు

నేను గంజి వారుస్తుంటే మా అత్తగారు సంపూర్ణమ్మ వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, రామచంద్రపురంలో మా ఆడపడుచు ఉషారాణి ఇంట్లో అందరూ కరోనాతో మంచాన పడ్డారని చెప్పారు. "రెండు చీరలు సర్దుకో ఆశా. ఎజ్రా బండి మీద దింపేస్తాడు. నీకు రెండుసార్లు వచ్చిపోయింది, ఇంక రాదుగా."

ఈ మాట మా ఇంట్లో పుట్టి ఏడాది దాటింది. మొదటిసారి జ్వరం తగ్గినా నాకు వాసన తిరిగి రాలేదు. పొయ్యి పక్కనే నిలబడి పాలు మాడబెడితే, "ముక్కు కూడా అమ్మేసుకున్నావేంటి" అని మా ఆయన ఎజ్రా నవ్వారు. తర్వాత ఆయనే నన్ను రాజమండ్రి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. యాంటీబాడీలు బాగా ఉన్నాయన్నారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, కాగితం మీద అంకె కనిపిస్తే చాలు నమ్మేస్తారు. ఆ ఆదివారం అత్తగారు చర్చిలో లేచి, ప్రభువు మా కోడలికి కవచం తొడిగాడని సాక్ష్యం చెప్పారు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను, కాస్త గర్వంగానే.

అక్కడి నుంచి నన్ను అరువివ్వడం మొదలైంది. మరుసటి వేసవిలో రెండో వేవ్ వచ్చి ఊరంతా మూలుగుతుంటే, సంఘంలో ఎవరు మంచాన పడినా స్త్రీల సమాజం వాళ్లు మా ఇంటికే వచ్చేవారు. జావ కాచాను, దుప్పట్లు ఉతికాను, ఆయాసపడే ముసలాళ్లని బోర్లా పడుకోబెట్టాను. అది సేవ అన్నారు. సేవే, కాదనను. కానీ వెళ్తావా అని నన్నొక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇంట్లో ఆయనకీ అత్తగారికీ రెండు డోసుల టీకా పడింది. నాకు పడలేదు. ఇల్లిల్లూ తిరిగే నర్సు మెర్సీ ఎందుకని అడిగితే, "దానికి ఒంట్లోనే ఉందమ్మా టీకా" అన్నారు అత్తగారు. ఒకసారి వచ్చి తగ్గిన రక్షణ రానురాను పలచబడుతుందని, వైరస్ రూపు మార్చుకుని వస్తోంది కనుక పాత యాంటీబాడీలు దాన్ని సరిగా పోల్చుకోలేవని, అందుకే వచ్చి తగ్గినవాళ్లూ వేయించుకోవాలని మెర్సీ ఓపికగా చెప్పింది. మా ఆయన తలూపారు. ఆమె అటు వెళ్లగానే, "అది వేయిస్తే రెండ్రోజులు జ్వరమట. వంటెవరు చేస్తారు? సెలవుల్లో చూద్దాం" అన్నారు. నాకు కోపం రావాల్సింది. సిగ్గేసింది.

మొన్న జనవరిలో ఒమిక్రాన్ నన్ను పట్టుకుంది. మొదటిసారంత గట్టిగా కాదు, ఊపిరి బాగానే ఆడింది. పాత రక్షణ అంతవరకు కాపాడిందేమో. ఆయన మాత్రం గది బయట నిలబడి, నేనేదో మోసం చేసినట్టు, "నీకు యాంటీబాడీలున్నాయి కదా, ఎలా వచ్చింది?" అని అడిగారు. హోటల్ భోజనం గుమ్మంలో పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోయేవారు. నేను తల ఎత్తిపట్టి జావ తాగించిన ఇళ్లలోంచి ఒక్కరూ గిన్నెడు జావ తేలేదు. ఒక సాయంత్రం చలిజ్వరంతో వణుకుతూ మంచినీళ్లకి పిలిచాను. హాల్లో టీవీ శబ్దం తగ్గింది. కాసేపటికి మళ్లీ పెరిగింది. నేనే గోడ పట్టుకుని వెళ్లి తెచ్చుకున్నాను.

ఇప్పుడు మా ఆయన బండి తాళాలు తీసుకుంటున్నారు. ఉషారాణి మీద నాకు పగ లేదు. ఆమె పిల్లలకి నేనంటే ప్రాణం. అయినా గిన్నె దించి చేతులు తుడుచుకున్నాను.

"నేను వెళ్లనండి. మీ అబ్బాయికి రెండు డోసులు పడ్డాయి, ఆయన్ని ఉండమనండి. జావ ఎలా కాయాలో నేను చెబుతాను."

అత్తగారు నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశారు. "మగాడు వెళ్లి ఏం చేస్తాడే? నీకింక రాదంటున్నాంగా, భయమేంటి?"

"వస్తుందని కాదండి అత్తయ్యగారూ. వస్తే నన్ను చూసేవాళ్లు ఈ ఇంట్లో లేరని."