గంధకం మింగిన బొగ్గు

నేను ఒక బొగ్గు పలుకును. అంబాజీపేట కొబ్బరి చిప్పకి పుట్టాను. చిప్పని గాలి తగలకుండా కాల్చారు. అది చాలదన్నట్టు ఎర్రగా కాగే కొలిమిలో పెట్టి ఆవిరి పట్టించారు. దాంతో నా ఒళ్ళంతా కంటికి కనపడని చిల్లులు పడ్డాయి. చిల్లులు పడ్డదాన్ని మనుషులు చెత్తలో పారేస్తారు. నన్ను మాత్రం సీసాలో పోసి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలకి పంపారు.

అక్కడ నన్ను ఏలుకున్నది సత్యవేణి అనే పరిశోధక విద్యార్థిని. డీజిల్‌లోని గంధకాన్ని పీల్చుకోవడం నా ఉద్యోగం. అది బండిలో కాలితే పొగై జనం ఊపిరితిత్తుల్లోకి పోతుందట. నా కడుపులో ఉండటమే నయమట. నన్నెవరూ అడగలేదు.

సత్యవేణి నన్ను గాజు గొట్టంలో నింపి, శుభ్రమైన నూనెలో కాస్త గంధకం కలిపి పోసింది. మొత్తం పీల్చేశాను. అంతవరకు "నీ బొగ్గు" అంటూ వచ్చిన గైడు భీమశంకరం గారు, ఆ రోజు నుంచి "మన బొగ్గు" అన్నారు.

తర్వాత చమురు శుద్ధి కర్మాగారం నుంచి తెచ్చిన అసలు డీజిల్ పోసింది. అందులో గంధకాన్ని పోలిన వేరే పదార్థాలు, దాని దాయాదులు, వేలకు వేలు. పిలవని వాళ్ళు ముందు బంతిలో కూర్చున్నట్టు, నా చిల్లులన్నీ వాళ్ళే ఆక్రమించారు. గంధకం దర్జాగా కిందికి జారిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆ కర్మాగారం ఇంజనీరు ఫిలోమినా గారు చూడటానికి వస్తున్నారని కబురు. ఖర్చు పెట్టేది వాళ్ళే కాబట్టి, ఆవిడకి నచ్చకపోతే సత్యవేణి పరిశోధన అక్కడితో ఆగిపోతుంది.

"అసలు డీజిల్ ఊసెత్తకమ్మా. మన నూనె పోసి చూపించు," అన్నారు భీమశంకరం గారు.

"అడిగితేనండీ?"

"అడగరు. టీ తాగి వెళ్ళిపోతారు."

ఆవిడ టీ ముట్టుకోలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి, "మా డీజిల్ పోస్తే ఎంతసేపు నిలబడుద్ది?" అన్నారు.

భీమశంకరం గారు దగ్గారు. సత్యవేణి నా గొట్టాన్ని బల్ల మీద పెట్టింది.

"ఒక్క పూట కూడా నిలబడదండి. కడుపు నిండిపోద్ది," అంది.

గైడుగారి ముఖం నా రంగుకి వచ్చింది.

ఫిలోమినా గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నాకు చూపించిన బొగ్గులన్నీ బకాసురుడి చుట్టాలేనమ్మా. ఒక్కదానికీ కడుపు నిండదంట! నిండుద్దని చెప్పింది నువ్వే. ఎందుకు నిండుద్దో చూద్దాం. డీజిల్ ఎంత కావాలో అడుగు, పంపిస్తా."

నన్ను కాల్చి ఖాళీ చేశారు, మళ్ళీ నింపారు, మళ్ళీ కాల్చారు. చివరికి పొడైపోయాను. ఇప్పుడు మూలనున్న చెత్త డ్రమ్ములో ఉన్నాను. నా తర్వాత వచ్చిన చెల్లెళ్ళు నాకన్నా గట్టివి, రోజంతా నిలబడుతున్నాయి.

నిన్న ఎవరో పెద్దలు వచ్చారు. "అసలు డీజిలే పొయ్యమని మొదట్నించీ నేను మొత్తుకుంటూనే ఉన్నానండీ," అన్నారు వాళ్ళతో భీమశంకరం గారు.

"ఔనండీ," అంది సత్యవేణి. నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి, కొత్త బొగ్గు డబ్బా మూత తీసింది.