తీజ్ ఆరో నాటి ఖీమా

అడ్డాకులో చుట్టిన మాంసం పొట్లాన్ని పొయ్యి పక్కన పెట్టి, వెంకటనారాయణ తలుపు లోపల గడియ వేశాడు.

"మేకపోతు మాంసం చెల్లెమ్మా. మధ్యాహ్నమే బూర్గంపాడులో కోయించాను. పొద్దున్నుంచీ కడుపులో ఏమీ పడలేదు. తొందరగా వండి పెట్టావంటే తింటూ కూర్చుంటాను."

జమ్లి కదల్లేదు. ఆయన నవ్వి, భుజం మీది శాలువా కొంచెం పక్కకు జరిపాడు. నడుం దగ్గర పిస్తోలు నల్లగా మెరిసింది.

"లాల్‌సింగ్ ఎన్నింటికొస్తాడు?"

"డ్యూటీకి పోయిండు. పొద్దుగూకినంక వస్తడు."

అబద్ధం. లాల్‌సింగ్ సరిగ్గా ఆయన నెత్తి మీదే ఉన్నాడు. అటక పైన, జొన్న బస్తాల వెనక, మూడు రోజుల చలిజ్వరంతో, ఆగని దగ్గుతో గొంగడి కప్పుకొని పడుకొని ఉన్నాడు.

అది 1983 శ్రావణ మాసం. నాలుగు రోజుల కిందట అడవి బాటలో టేకు దుంగల లారీని ఆపబోయిన వాచర్ హాతీరాం మీదుగా ఒక జీపు వెళ్లిపోయింది. జీపు నడిపినవాడు గోదావరి ఒడ్డున కోత మిల్లు ఉన్న వెంకటనారాయణ. చూసినవాడు ఒక్కడే, బీటు గార్డు లాల్‌సింగ్. రేపు పదింటికి కొత్తగూడెంలో మేజిస్ట్రేటు ముందు అతను చెబితే కేసు. చెప్పకపోతే హాతీరాం చీకట్లో కాలుజారి పడ్డట్టే. తెల్లవారుజామున జీపు పంపుతాననీ, అందాకా ఎవరి కంటా పడొద్దనీ రేంజరు కబురు చేశాడు.

తెల్లవారడానికి ఇంకా పన్నెండు గంటలుంది.

"ఏంటి చూస్తున్నావ్? పొయ్యి ముట్టించు."

"మాంసం వండద్దు సారూ. తొమ్మిది దినాల తీజ్ నడుస్తాంది. ఇయ్యాల ఆరోనాడు. బుట్టలు వాగుల కలిపేదాకా తండాల మాంసం ముట్టరు."

"ముట్టేది నేను. నువ్వు వండు చాలు. తలుపేసే ఉంది, ఎవరు చూడొచ్చారు?" ఆయన గోడకు చేరగిలబడి పీట మీద కూర్చున్నాడు. "ఇంకోమాట. బయటికి మీ భాషలో కేకేద్దామనుకుంటావేమో. ఇరవై ఏళ్లుగా మీ తండాల కూలీలే నా మిల్లులో దుంగలు మోస్తున్నారు. మీ మాట నాకు మీకంటే బాగా వచ్చు."

ఆ దారి మూసుకుపోయింది.

జమ్లి పొయ్యి ముట్టించింది. పొగ పైకి పోకుండా ఎండు కట్టెలే ఏరి పెట్టింది. బియ్యం చాటలోకి తీస్తుంటే ఆయన చూరుకు వేలాడుతున్న సేమియా కట్ట చూశాడు.

"అన్నమా? వద్దొద్దు, ఆలస్యం. ఆ సేమియా దించు. మాంసం ముక్కలు చేస్తే గంట ఉడకాలి. ఖీమా కొట్టి, వేయించి, నీళ్లు పోసి సేమియా పడేయ్. అరగంటలో అయిపోద్ది. మా ఇంట్లో ఎప్పుడూ అట్టాగే."

"ఖీమానా?"

"ఏం, చేతకాదా?"

జమ్లి తల వంచుకుంది. ముఖంలో మారిన రంగు ఆయనకు కనబడకూడదు. వాళ్లింట్లో ఖీమా ఎక్కడ కొడతారో, ఎవరు కొడతారో ఈ మనిషికి తెలియదు. వడ్డించిన కంచమే చూసి ఉంటాడు. తలుపు వేస్తే మాంసం కనబడదు, నిజమే. కానీ ఖీమా కొట్టే చప్పుడును ఏ తలుపు ఆపుతుంది? ఎనభై గడపల తండాలో ఆ చప్పుడు గుర్తుపట్టని ఆడది ఉండదు. తీజ్ రోజుల్లో అయితే చెవిటిది కూడా లేచి వస్తుంది.

వస్తే తన పరువు పోతుంది. రాకపోతే మొగుడు పోతాడు.

మూల నుంచి చింతమొద్దు దొర్లించుకొచ్చింది. కావాలనే గోడకు ఆనించి పెట్టింది. రెండు చేతుల్లోకి రెండు కత్తులు తీసుకుంది.

టక్. టక్. టకటకటక.

సరిగ్గా అప్పుడే తండా మధ్య తీజ్ మంచె దగ్గర డప్పు మోగింది. పెళ్లికాని పిల్లలంతా గోధుమ మొలకల బుట్టలకు సాయంత్రం నీళ్లు పోస్తూ పాట ఎత్తుకున్నారు. వాళ్లలో తన కూతురు మోతీ కూడా ఉంది. ఆ పాటలో కత్తుల చప్పుడు కలిసిపోయింది.

జమ్లి ఆపింది. పాట ఆగాక మళ్లీ మొదలుపెట్టింది. పాట ఎత్తుకోగానే మాంసాన్ని చేత్తో కలియబెడుతూ కూర్చుంది.

"ఏంటా నసుగుడు? ఆపుతావ్, కొడతావ్, ఆపుతావ్!"

"కత్తి మొండిది సారూ. చెయ్యి గుంజుతాంది."

"చాల్లే, నలిగింది. కుండలో వెయ్యి."

ఇంకొక్క నిమిషం పాట ఆగి ఉంటే బాగుండేది. బయట ఎవరి అడుగులూ వినబడలేదు. సన్నగా జల్లు మొదలైంది. పెంకుల మీద వాన చప్పుడు మిగతా చప్పుళ్లను మింగేస్తోంది.

కుండలో నూనె కాగింది. ఉల్లిగడ్డలు వేసింది. ఖీమా వేసి కలుపుతుంటే ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"కారం దండిగా వెయ్యి. చప్పిడి తిండి నాకు పడదు."

జమ్లి చెయ్యి కారం డబ్బా మీదే ఆగింది. కాగే నూనెలో కారం పడితే ఘాటు నేరుగా అటకకే పోతుంది. ఒక్కసారి లేస్తే ఆ దగ్గు మళ్లీ ఆగదు.

"ఎంత సారూ?"

"నాలుగు చెంచాలు."

ముందు చెంబుతో నీళ్లు పోసింది. మాంసం నీళ్లలో మునిగాక, ఆ నీళ్లలో కారం వేసి వెంటనే మూత పెట్టింది. మూత అంచున తడిగుడ్డ కూడా చుట్టింది.

"అదేం వంట? కారం నూనెలో వేగాలి గదా!"

"గిట్లయితే ఆవిరికి జల్దీ ఉడుకుతది. మీరే జల్దీ కావాలన్నరు."

ఆయన ఒక్క క్షణం ఆమెనే చూశాడు. తర్వాత లేచి, చూపు గది చుట్టూ తిప్పాడు. దండెం మీద ఆరేసిన ఖాకీ చొక్కా దగ్గర ఆగాడు. దాని చేతి మడత వేళ్లతో నలిపాడు.

"డ్యూటీకి పోయిండన్నావ్. చొక్కా ఇక్కడుందే?"

"రెండు ఇచ్చిన్రు సర్కారోళ్లు. ఒకటి ఉతికిన."

"బాగుంది." పీట మీదికి తిరిగి వచ్చాడు. "నీ మొగుడికి నేనేం చెయ్యను చెల్లెమ్మా. కూర్చోబెట్టి మాట్లాడతా. ఆ తర్వాత నా జీపులో అట్టా గోదారి దాకా తీసుకెళ్తా."

ఎలాంటి మాటలో, ఎంత దూరమో జమ్లికి అర్థమైంది. పైన ఉన్న మనిషికీ అర్థమై ఉంటుంది. ఎక్కడో బస్తా ఒరిసిన సన్నని చప్పుడు వినిపించింది. జమ్లి గబుక్కున సేమియా కట్ట విప్పి ఫెళఫెళ విరిచింది. మూత తీసి కుండలో పోసింది.

అప్పుడే తలుపు మీద దబదబ చప్పుడు.

"జమ్లీ! తలుపు తీయే!"

సక్రి గొంతు. లాల్‌సింగ్‌కు మేనత్త. తండాలో తీజ్ కట్టుబాట్లన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి.

పిస్తోలు మొన జమ్లి వీపుకు తగిలింది. "సందు మాత్రం తీసి పంపించెయ్. ఒక్క మాట ఎక్కువైనా ముందు ముసలిదే పోద్ది."

గడియ తీసి జానెడు సందు తెరిచింది. వానలో తడుస్తూ సక్రి, ముక్కు తలుపు సందులోనే పెట్టింది.

"ఏం వండుతున్నవే?"

"పప్పు అత్తా."

"పప్పా? పప్పును రెండు కత్తులతోటి కొడుతరా? నా చెవులకేమన్న దూది పెట్టుకున్ననా? మొగుడు ఇంట్ల లేడని సిగ్గు లేకుంట... అవతల నీ బిడ్డ బుట్ట మంచె మీద ఉండగా, ఛీ!"

"పో అత్తా. పనుంది."

"పోతనే. పోయి గోప్యా నాయక్‌నే తోలుకొస్త."

తలుపు మూసుకుంది. వెంకటనారాయణ పిస్తోలు దించాడు. ఆయన కళ్లలో మొదటిసారి కంగారు కనిపించింది.

"చప్పుడు! అందుకా మొద్దు గోడకు పెట్టావ్?"

"ఖీమా చెయ్యమన్నది మీరు."

చెంప మీద దెబ్బ పడింది. పడ్డా పైనుంచి చప్పుడు రాలేదు. మొగుడు పళ్లు బిగబట్టి ఉంటాడు. జమ్లి కూడా పళ్లు బిగబట్టింది.

ఆయన లెక్కలు వేసుకుంటున్నాడు. తను ఇక్కడికి వచ్చినట్టు ఎవరికీ తెలియకుండా పని జరగాలి. తండా అంతా చూశాక, రేపు గార్డు కనబడకపోతే వేళ్లన్నీ తన వైపే లేస్తాయి. ఇక వెళ్లిపోవాలి. వాగు దాటి, బాట పక్కన కాపు కాయాలి. గార్డు ఎలాగూ ఆ దారినే రావాలి.

జమ్లికి ఆ లెక్క ముఖంలోనే కనబడింది. పో, పో అని లోలోపల మొక్కుకుంది.

కానీ ఆయన గడియ తీసి తలుపు తెరిచేసరికే బయట వాకిలి నిండిపోయింది. ముందు గొడుగు పట్టుకొని తండా పెద్ద గోప్యా నాయక్, పక్కన సక్రి, వెనక నలభై మంది దాకా. పాట ఆపి వచ్చిన పిల్లలు. మోతీ అందరి ముందు నిలబడి తల్లిని చూస్తోంది.

ఆయన పిస్తోలు శాలువాలో దాచి, చేతులు జోడించాడు.

"నమస్కారం నాయక్. లాల్‌సింగ్‌తో పనుండి వచ్చాను. ఆకలేసి నేనే వండమన్నాను. మీ పండగ సంగతి ఎరగను. తప్పయిపోయింది. వస్తాను."

"గట్లెట్ల పోతవ్ సారూ?" గోప్యా నాయక్ గొడుగు మూసి చూరు కింద నిలబడ్డాడు. "మాంసం ఎవరు తెచ్చిన్రు?"

"నేనే."

"ఎవరు కొట్టిన్రు?"

"నేనే కొట్టిన," అంది జమ్లి. "ఆయనను పోనీయ్ నాయక్. తప్పు నాది. నన్నేమన్న చెయ్యి, ఆయనను పోనీయ్."

ఆ మాటకు జనంలో గుసగుస లేచింది. సక్రి చేతులు తిప్పింది. "చూసిన్రా! మొగుడు లేని ఇంట్ల గడియ పెట్టుకొని, ఇప్పుడు ఆయనను పోనీయాల్నంట!"

జమ్లి ఆ మాట మింగింది. నాయక్ మాత్రం కదల్లేదు. "తీజ్‌ల మాంసం తెచ్చినోడు, కొట్టినోళ్లు ఇద్దరు మంచె ముంగట నిలవడాలె. తేలిందాంక ఎవ్వరు తండా దాటద్దు. ఏయ్, దారి మూయిండ్రి."

మనుషులు భుజం భుజం కలిపి వాకిలికి అడ్డంగా నిలబడ్డారు. చప్పుడు చేసి తను రప్పించుకున్న జనమే ఇప్పుడు పామును మళ్లీ ఇంట్లోకే తోశారు. వెంకటనారాయణ రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ గదిలోకి వచ్చాడు. శాలువా కింద చెయ్యి అలాగే ఉంది.

పొయ్యి సంగతి అందరూ మరిచిపోయారు.

కుండలో నీళ్లు ఇంకిపోయాయి. సేమియా అడుగంటింది. నాలుగు చెంచాల కారం మాడి, ఘాటు ఒక్కసారిగా గుప్పుమంది. సక్రి దగ్గింది. నాయక్ కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వాకిట్లో పిల్లలు దగ్గుతూ వెనక్కి జరిగారు. అందరి దగ్గులూ ఒకటొకటిగా ఆగిపోయాయి.

ఒక్కటి ఆగలేదు. అది పైనుంచి వస్తోంది.

వెంకటనారాయణ తల ఎత్తాడు. అటక చెక్కల సందులో గొంగడి కొన వణుకుతోంది. ఆయన ముఖం మీద నెమ్మదిగా నవ్వు పరుచుకుంది. శాలువా జారిపోయి, పిస్తోలు అటక వైపు లేచింది. నలభై మంది చూస్తున్నా ఆ చెయ్యి ఆగేలా లేదు. రేపు మేజిస్ట్రేటు ముందు నోరు తెరిచే ఆ ఒక్కడూ ఇక్కడే ఉన్నాడు.

జమ్లి మసిగుడ్డ కోసం వెతకలేదు. ఉత్త చేతులతోనే కుండ అంచులు పట్టుకొని, ఉన్నదంతా ఆయన చేతి మీద, మెడ మీద కుమ్మరించింది.

ఆయన కేకకు ఎడ్లు కూడా బెదిరాయి. నిప్పులా కాలుతున్న సేమియా చర్మానికి అతుక్కుపోయింది. పిస్తోలు పేలి గుండు పెంకులు పగలగొట్టుకుంటూ పోయింది. రెండోసారి పేల్చడానికి వేళ్లు మడవలేదు. అప్పటికి నాయక్ గొడుగు కర్ర ఆయన మణికట్టు మీద పడింది. ఆ తర్వాత పడ్డవి ఎవరివో, ఎన్నో ఎవరికీ తెలియదు.

ఆయనను దూలానికి కట్టేశాక లాల్‌సింగ్‌ను దింపారు. నిలబడలేక గోడకు ఆనుకొని, నాయక్‌కు జరిగింది చెప్పాడు. జమ్లి రెండు చేతులూ నీళ్ల గాబులో ముంచి కూర్చుంది. సక్రి ఎవరి ముఖమూ చూడకుండా బయటికి పోయి, కలబంద తెచ్చి, బొబ్బల మీద గుజ్జు రాసింది.

"నోరిప్పి చెప్పొచ్చు గదనే, పిచ్చిదానా."

"నా వీపుకు తుపాకి ఉండె అత్తా. నోరిప్పితే ముందు నువ్వే పోతుంటివి."

గోప్యా నాయక్ గడ్డం గోక్కున్నాడు. "తెల్లారి జీపు వచ్చిందాంక తండ అంత ఈ వాకిట్లనే కూసుంటది. లాల్‌సింగ్‌ను మేమే ఎక్కిస్తం." మంచె వైపు తిరిగాడు. "కని తీజ్‌ల మాంసం తెగింది. ఎందుకు తెగినా తెగినట్టే. ఈ ఇంటి బుట్ట మంచె దిగాలె."

"అవ్," అంది జమ్లి.

మోతీ వెళ్లి తన బుట్ట తెచ్చింది. మొలకలు జానెడు పొడవున పచ్చగా ఉన్నాయి. తల్లి ముందు, తన యాడీ ముందు, దబ్బున పెట్టింది.

"ఆరు దినాలు యాడీ! ఉప్పు లేదు, కారం లేదు. ఆరు దినాలు గడ్డి తిన్నట్టు తిన్న."

జమ్లి కాలిన చేతులతోనే బుట్టను దగ్గరికి తీసుకుంది. లాల్‌సింగ్ ఏదో అనబోయి దగ్గులో చిక్కుకున్నాడు. మోతీ తండ్రి వీపు రాస్తూ నిలబడింది. దగ్గు తగ్గాక పొయ్యి దగ్గరికి పోయి, ఉప్పు కుండలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకొని ఇంకోసారి ముంచింది.