ఎర్రపిట్ట కప్పు

రాఘవమ్మ ఎండుచేపలు దాచుకునే పాకకు ఇంకా ఆరు సంచులు తక్కువ. కప్పు ముక్కాలు మూసుకుంది, మిగతా చోట ఆకాశం కనిపిస్తోంది. కార్తీకం వానలు దిగాయంటే నెత్తళ్ళ చేపలన్నీ కుళ్ళి, ఆ కంపుకు కుక్కలు కూడా పాళెం వదిలి పోతాయి.

ఆ సంచులు కృష్ణపట్నం రేవు దగ్గర మాల్యాద్రి గోడౌనువి. ఒక్కోదానిలో టన్ను సోడా యాష్ పడుతుంది. గాజుకూ సబ్బుపొడికీ వాడే తెల్లపొడి అది. ఓడలోంచి ఎర్రపిట్ట బొమ్మ సంచుల్లో దిగుతుంది. రాఘవమ్మా ఇంకో పదిమంది ఆడవాళ్ళూ ముక్కుకు కొంగు కట్టుకుని, దాన్ని నీలిచెట్టు బొమ్మ సంచుల్లోకి మార్చి మూతులు కుడతారు. పిట్ట దేశంవాళ్ళు మరీ చవగ్గా అమ్మి మన ఫ్యాక్టరీల కడుపు కొడుతున్నారని ఢిల్లీవాళ్ళు ఆ సరుకు మీద సుంకం బాదారు. చెట్టు దేశం మీద బాదలేదు. మాల్యాద్రి కాగితాల నిండా చెట్టు దేశమే ఉంది. ఇక సంచులే కాగితాల మాట వినాలి.

ఖాళీ అయిన పిట్ట సంచుల్ని కాల్చెయ్యమని మాల్యాద్రి హుకుం. మొగుడు పోయిననాడు శవాన్ని కాల్చడానికి ఊరంతా తొందరపడితే సరేనంది గానీ, చినుగు లేని సంచిని కాల్చడానికి రాఘవమ్మకు చేతులు రాలేదు. పొగ కోసం రెండు పాతవి అంటించి, మిగతావి మడిచి చేపల గంపలో ఇంటికి మోసింది.

ఒకరోజు సుంకాల ఆఫీసు నుంచి సుభాషిణి అనే అధికారి వచ్చింది. గోడౌనంతా గాలించింది. ఎటు చూసినా చెట్లే. మాల్యాద్రి ఇచ్చిన కొబ్బరినీళ్ళు తాగి, ఉసూరుమంటూ తిరిగిపోతూ, ఎండునెత్తళ్ళు కొందామని పాళెంలో జీపు ఆపింది. రాఘవమ్మ చేపలు తూస్తుంటే తల పైకెత్తింది. నెత్తి మీద ముప్పైనాలుగు ఎర్రపిట్టలు. ఒక్కోదాని కింద దేశం పేరూ, నెలా, నంబరూ.

"ఇవెక్కడివమ్మా?"

"గోడౌనువి మేడం. కాల్చమన్నాడు. ఇట్టాంటి సంచిని ఎవురన్నా కాలుస్తారా? పట్టుకోని చూడండి, చుక్క నీళ్ళు దిగదు."

సుభాషిణి చేపల సంగతి మరిచి, ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది. కబురు ఎవరు చేర్చారో, ఆవిడ తిరిగి వచ్చేలోగా మాల్యాద్రి ఊడిపడ్డాడు. పొద్దున "ఏమే" అన్న మనిషి ఇప్పుడు చేతులు జోడించాడు.

"రాఘవమ్మక్కా, నీకు దండం పెడతా. ఇవి పీకేద్దాం. కొత్త రేకులు ఏయిస్తా."

రాఘవమ్మకు రేకులంటే ఆశే. "తెచ్చినావా అబ్బయ్యా?"

"రేపు తెస్తానక్కా."

అతని రేపు ఎలాంటిదో ఆమెకు తెలుసు. పొడికి చేతులు దురదెక్కుతున్నాయంటే మూడేళ్ళుగా రేపే తొడుగులు తెస్తున్నాడు.

"అయితే రేపే పీకుదాం లే."

సుభాషిణి ఇద్దరు సిబ్బందితో తిరిగి వచ్చింది. "ఈ సంచుల్ని జప్తు చేస్తున్నాం" అంది.

రాఘవమ్మ తలెత్తి కప్పుకేసి చూసింది. రేకులూ పోయె, సంచులూ పోయె. "పీకేస్తారా మేడం?"

"పీకకూడదు. ఎక్కడివి అక్కడే ఉండాలి. ఇది సాక్ష్యం. ఎవరూ ముట్టుకోడానికి లేదు."

"వానకు బొమ్మలు చెరిగిపోతాయేమో మేడం. అదిగో, ఆ మూల కప్పే లేదు."

సుభాషిణి ఆ మూలకేసి చూసింది, సముద్రం మీది మబ్బుకేసి చూసింది. సాయంత్రానికి ప్రభుత్వంవారి కొత్త టార్పాలిన్ పాకంతా కప్పేసింది. తాళ్ళతో బిగించి సీలు కూడా వేశారు.

గోడౌనుకు తాళం పడింది. కూలి పోయింది, దాంతోపాటు చేతుల దురదా పోయింది. చేపలున్నాయి, కప్పుంది.

"కేసు ఎప్పటికి తెములుద్ది మేడం?" అని రాఘవమ్మ అడిగింది.

"ఏడెనిమిదేళ్ళు పట్టొచ్చు."

"నిదానంగానే కానీండి, తొందరేం లేదు" అంటూ రాఘవమ్మ మేడం చేతిలో నెత్తళ్ళ పొట్లం పెట్టింది. "తొందరపడి ఎవురికన్నా అన్యాయం చేస్తే మీకే పాపం."