ఎదురు వాకిలి

పళ్ళిపట్టులో చంద్రావతికీ, ఆమె తోడికోడలు అలిమేలమ్మకూ ఎదురెదురుగా ఇళ్ళు రెండు, ముంగిలి ఒకటే. మాటలు మాత్రం లేవు. చంద్రావతి మనవరాలికి తిరుత్తణి కొండమీద చెవులు కుట్టించిన రోజున, సాంబారులో ఉప్పే లేదని అలిమేలమ్మ బంధువులందరి ముందూ అనేసింది. అంతే! అప్పటినుంచి చెప్పాల్సిందేదైనా మూడో మనిషితో చెప్పించుకోవడమే. మూడో మనిషి దొరక్కపోతే ఆవుకు చెప్పేవాళ్ళు. వినాల్సినవాళ్ళకు ఎలాగూ వినపడేది.

పాతబడిన ఆ రెండిళ్ళూ పడగొట్టి కొత్తవి కట్టుకుందామనుకున్నప్పుడు, ముంగిలికి అడ్డంగా గోడ పెట్టాల్సిందేనని చంద్రావతి మొండికేసింది. ప్లాను గీసేది ఆమె అన్నకొడుకు రఘు. తిరువళ్ళూరులో ఇంజనీరు ఆఫీసులో పని.

"గోడ వద్దత్తా. గాలీ వెలుతురూ రెండిండ్లకీ లేకుండా పోతాయి," అంటూ ఫోన్లో ఫొటోలు చూపించాడు. "ఇది ఇరాన్‌లో యజ్ద్ అనే ఊరు. చూడు, నాలుగిండ్లోళ్ళు కలిసి ఒకే ముంగిలి పెట్టుకున్నారు. అయినా ఒకరి వాకిలి ఇంకొకరికి ఎదురుగా ఉండదు. లోపలికి పోయే దారిని వంకర తిప్పినారు. ముంగిలి అందరిదీ, మరుగు ఎవురిది వాళ్ళకి."

"ఆమె మొగం నాకు కనపడదు గదా?"

"కనపడదత్తా."

"అయితే సరి. అట్లనే కట్టు."

ఇళ్ళు పడగొట్టారు. తోడికోడళ్ళిద్దరూ చెరో వీధిలో అద్దెకు చేరారు. అద్దె ఇంట్లో చంద్రావతికి తెల్లవారితే చాలు, ఏదో వెలితి. కొత్తచోటు కదా, నిద్ర పట్టడం లేదని సరిపెట్టుకుంది.

ముగ్గుపోసే రోజున తణికైవేల్ మేస్త్రి తాళ్ళు కట్టి, గోడలు వచ్చే చోటల్లా నేలమీద సున్నంతో గీతలు పోశాడు. చంద్రావతి తన వాకిలి వచ్చేచోట నిలబడింది. అవతల అలిమేలమ్మ కూడా తన గీతల మధ్య నిలబడి ఉంది.

"ఇప్పుడు కనపడతా ఉంది గానీ, ఇక్కడ వంకరదారి గోడ లేస్తే ఆ పక్క ఏమీ కనపడదు," అన్నాడు రఘు సంబరంగా.

ఇన్నేళ్ళూ లేవగానే చంద్రావతి చూసింది ఆ ఎదురు వాకిలినే. తలుపు తీసి ఉంటే, 'లేచింది మహాతల్లి' అని గొణుక్కుని కాఫీ పెట్టుకునేది. తీయకపోతే ఆ కాఫీ గొంతు దిగేది కాదు. కోపంతోనే చూస్తున్నాననుకుంది పిచ్చిది. రేపటినుంచి ఆ తలుపు తెరిచారో లేదో తనకెవరు చెబుతారు? ఆమెకు నిజంగా భయమేసింది.

"మేస్త్రీ, ఈ గీత చెరిపెయ్. వాకిలి ఎదురుగా పెట్టు."

రఘు తెల్లబోయాడు. "నువ్వే గదత్తా కనపడకూడదంటివి!"

"అంటిని. బుద్ధిలేక అంటిని."

అలిమేలమ్మ మేస్త్రి వైపు తిరిగింది. "ఆమెకి చెప్పు మేస్త్రీ. వాకిండ్లు ఎదురెదురుగా ఉంటే దినామూ గలాటానే అని."

మేస్త్రి నోరు తెరిచేలోపే చంద్రావతి అందుకుంది. "ఉండనీలే అక్కా. గలాటా పెట్టుకునేదానికైనా మనిషి కనపడాల గదా!"

ఆ మాట నేరుగా అలిమేలమ్మతోనే అన్నానని, అన్నాక గానీ ఆమెకు తెలియలేదు. కళ్ళు నిండిపోయాయి. అలిమేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సున్నం గీతలన్నీ తొక్కుకుంటూ వచ్చేసింది.

"అమ్మా, గీతలు చెరిగిపోతాయమ్మా!" అని మేస్త్రి అరుస్తూనే ఉన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ వినలేదు.