చుక్క ముట్టని కాలనీ

నేను ఒక ఖాకీ చొక్కాను. పోలీసు చొక్కాను కాను. ఆటో నడిపే ఓదేలు కోసం జమ్మికుంటలో ఒక దర్జీ కుట్టిన మామూలు చొక్కాను. భుజాల మీద పట్టీలు వద్దని ఓదేలు చెప్పినా, మిగిలిన గుడ్డ పారేయడం ఇష్టంలేక దర్జీ కుట్టేశాడు. వాటితో నా దర్జా పెరిగింది.

ఆ ఏడు కిరాయిలు తగ్గి ఓదేలు సర్వే పనికి ఒప్పుకున్నాడు. తాగుడు మాన్పించే ఉచిత కేంద్రం పెట్టాలని ఒక సేవాసంస్థ అనుకుంది. తాగేవాళ్ళు ఎక్కువున్న చోటే పెడతారట. రైల్వే గేటు అవతలి కాలనీలో ఇంటింటికీ తిరిగి అడగడం ఓదేలు వంతు. ఇస్త్రీ చేసి ఉన్నది నేనొక్కదాన్నే కనుక నన్నే తొడుక్కుని బయల్దేరాడు.

మొదటి ఇల్లు హమాలీ రాజలింగుది. మంచం మీద పడుకున్నవాడు నన్ను చూడగానే లేచి లుంగీ దించుకున్నాడు.

"ఇంట్ల మందు తాగేటోళ్ళు ఉన్నరా అన్నా?"

"మందా సారూ? నేను దగ్గుమందు సుత ముట్ట," అన్నాడు మొహం పక్కకు తిప్పి. ఆ పక్కనున్న మేక రెండడుగులు వెనక్కి వేసింది.

అతని భార్య కొమురమ్మ ఏదో చెప్పబోయి, నా భుజాల వైపు చూసి ఊరుకుంది.

సాయంత్రానికి కాలనీ మొత్తం పుణ్యక్షేత్రమైపోయింది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఓదేలు రాశాడు. నన్ను చూస్తేనే ఇంతమంది బాగుపడుతున్నారని నాకు గర్వంగానే ఉంది.

సర్వే పని చూసే ప్రభావతి మేడం ఆ కాగితాలు తిరగేసింది. "ఇదే నిజమైతే కేంద్రం వేరే ఊరికి పోతుంది ఓదేలూ. మరి గేటు పక్కన వైన్‌షాపు ఎవరి కోసం నడుస్తోంది?" అంది. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "రేపు ఈ చొక్కా వద్దు. నేనూ వస్తా," అంది.

మర్నాడు ఓదేలు పూల చొక్కా వేసుకుని, నన్ను ఆటోలో కొక్కేనికి తగిలించాడు. ఈసారి రాజలింగు లేవలేదు. మంచం మీద చోటిచ్చాడు.

"నీ అసోంటోని దగ్గర దాచుడెందుకే? ఒక్కన్నే ఫుల్లు బాటిల్ లేపుత. తెల్లారి బస్తాలు మోస్త. ఏం గాదు," అని మీసం దువ్వాడు. రాత్రికి రాత్రే ఇంత ఎదిగిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

మేడం ఇంటి వెనక్కి వెళ్ళి, బీడీలు చుడుతున్న కొమురమ్మ పక్కన నేల మీద కూర్చుంది. ఆటో ఇంటి పక్క సందులోనే ఆగి ఉండటంతో అటు మాటలూ నాకు వినిపించాయి. వంటల గురించి, పిల్లల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాక కొమురమ్మ గొంతు తగ్గించింది.

"రోజూ క్వార్టరు తాగుతడమ్మా. పొద్దుగాల చేతులు వణుకుతయి. మొన్న బిడ్డను ఎత్తుకుంటే జారి పడ్డది. నిన్ననే చెప్దామనుకున్న. పోలీసాయన అనుకొని భయమైంది. పట్టుకపోతే మా గతేంది?"

నా దర్జా అంతా అక్కడే దిగిపోయింది. మేడం ఆడవాళ్ళను పంపి కాలనీ అంతా మళ్ళీ అడిగించింది. కేంద్రం అక్కడికే వచ్చింది.

తెరిచిన వారంలోనే కొమురమ్మ మొగుణ్ణి బతిమాలి, బెదిరించి ఓదేలు ఆటో ఎక్కించింది. ఆ రోజు నేను ఓదేలు ఒంటి మీదే ఉన్నాను. లోపల డాక్టరు ఎంత తాగుతావని అడిగాడు. ఆయన తెల్లకోటు ముందు నేనెంత? రాజలింగు చేతులు కట్టుకుని, "ఎప్పుడన్న పండుగకు సారూ," అన్నాడు.

కొమురమ్మ ముందుకొచ్చి, "రోజూ క్వార్టరు," అంది.

రాజలింగు ఆమె వైపు చూడలేదు, డాక్టరు వైపూ చూడలేదు. కట్టుకున్న చేతులు విప్పాడు.

"రెండు క్వార్టర్లు సారూ," అన్నాడు. "ఒకటి ఆమెకు తెల్వది."