ఉమ్ దుర్గ

ఎండు నిమ్మకాయలను ఇత్తడి రోట్లో వేసి లోవమ్మ ఒక్కొక్కటే పగలగొడుతోంది. నల్లగా గట్టిపడిన ఆ కాయలను నూరకూడదు, చీలితే చాలు. చీలికలోంచి గోటితో గింజలు తీసెయ్యాలి. ఒక్క గింజ ఉండిపోయినా మాంసం చేదెక్కుతుంది. మొదట్లో ఆ సంగతి తెలియక గిన్నెడు కూర పాడుచేసింది. ఇప్పుడు చూడకుండానే వేళ్లు ఆ పని చేసేస్తాయి. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పెరటి గుమ్మంలోంచి వచ్చే గాలి పొద్దున్నే వేడెక్కింది.

లోపలి గదిలోంచి పిలుపు వచ్చింది.

"ఉమ్ దుర్గ."

రోకలి ఆగింది. ఆ పిలుపుకు కాస్త ఆలస్యంగా పలకడం ఆమెకు అలవాటు. వినపడక కాదు. ఇంకోసారి పిలుస్తారని.

"ఉమ్ దుర్గ, ఎక్కడున్నావ్?"

అప్పుడు లేచి, చేతులు కడుక్కుని, తలగుడ్డ సర్దుకుని వెళ్లింది. సన్నటి మనిషి. ఎముకలు తేలిన మణికట్లు, వేడి గిన్నెలకు కాలి నల్లబడ్డ వేలి చివరలు. నడిచేటప్పుడు ఎవరైనా నిద్రపోతున్నారేమో అన్నట్టు మునివేళ్ల మీద నడుస్తుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అలవాటైన నడక అది. మానుకుందామన్నా పోలేదు.

ఉమ్ అంటే అమ్మ. బహ్రెయిన్‌లో బిడ్డ తల్లిని ఉత్త పేరుతో పిలవరు, పెద్దబిడ్డ పేరు చెప్పి ఫలానావాళ్ల అమ్మ అంటారు. ఈ ఇంటి పెద్దావిడ ఉమ్ జాసిం. పనివాళ్లు మాత్రం ఆవిడను మామా అంటారు. కువైట్ యుద్ధం అయిన ఏడాది లోవమ్మ అద్లియాలో ఈ ఇంటి గడప తొక్కగానే ఆవిడ అడిగిన మొదటి మాట, నీ బిడ్డ పేరేమిటని. డ్రైవరు దేవన్న ఆ మాటను తెలుగులో చెప్పాడు. లోవమ్మ చాలాసేపు నేల చూసి, నాగదుర్గ అంది. ఉందా పోయిందా అని ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు. ఆ పూట నుంచి కూరలవాడికీ, పక్కింటి పనివాళ్లకీ, రొట్టెల కొట్టు ముసలాయనకీ ఆమె ఉమ్ దుర్గే.

తునికి అవతల ఆమె ఊళ్లో ఆ పేరు ఎవరూ అనరు. పిల్లకు రెండేళ్లు నిండాయి, అంతే. జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. తెల్లారి మొదటి బస్సుకు ఆసుపత్రికి తీసుకెళ్దామనుకుంది. తెల్లవారుజామున నుదురు చల్లబడితే తగ్గిందనే అనుకుంది. పిల్ల పైన దుప్పటి సరిచేసి, పొయ్యి వెలిగించడానికి లేచింది కూడా.

పోయిన పిల్ల పేరు ఇంట్లో అంటే కడుపున పడ్డది నిలవదని అత్త ముత్తెమ్మ చెప్పింది. కడుపున మళ్లీ ఏదీ పడలేదు. పేరు మాత్రం ఇంట్లోంచి వెళ్లిపోయింది. పొరపాటున ఎత్తితే మొగుడు సోమరాజు కండువా దులుపుకుని వీధిలోకి నడిచేవాడు. వీధిలో బారసాల అయితే, నువ్వు భోజనాల వేళకు వద్దువులేవే అని నవ్వుతూనే చెప్పేవారు. పిల్లలకు కాటుక పెట్టేటప్పుడు ఈమె అటు వస్తే తల్లులు చెంగు కప్పేవారు. వాళ్లనీ అనలేం, ఎవరి బిడ్డ మీద బెంగ వాళ్లది.

శుక్రవారాలు తెలుగు ఆడవాళ్లు నలుగురూ ఒకచోట చేరితే ఊరు తలుచుకుని ముక్కులు చీదేవారు. నాకిక్కడే బాగుందంటే లోవమ్మను ఆటపట్టించేవారు. కుళాయి తిప్పగానే నీళ్లొస్తున్నాయనా, గ్యాసు పొయ్యి దొరికిందనా, అరబ్బుల కూడు ఒంటికి పట్టిందనా అని పక్కింట్లో పనిచేసే రామలక్ష్మి దెప్పేది. అవునని తలూపేది లోవమ్మ. అదీ అబద్ధం కాదు. నీళ్లు మోయకపోతే నడుము సుఖమే. కానీ పొద్దున లేచింది మొదలు తన బిడ్డ పేరు చెవిన పడుతూ ఉండటం ఎంత సుఖమో ఎవరితో చెప్పగలదు?

పేరు చెప్పి ఊరుకోవడంతో మొదలైన అబద్ధం అక్కడితో ఆగలేదు. దుర్గ మాట్లాడుతోందా అని ఉమ్ జాసిం అడిగితే మాట్లాడుతోందని చెప్పింది. ఇంట్లో మనవరాలు నూరాది సరిగ్గా దుర్గ ఈడే. నూరాకు పన్ను ఊడిన వారం దుర్గకూ ఊడింది. నూరా బడికి వెళ్తే దుర్గా వెళ్లింది. ఒక ఏడాది నూరాకు ఆటలమ్మ పోసింది. దుర్గకు కూడా వచ్చిందట, జాబు వచ్చిందని చెప్పింది లోవమ్మ. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. ఉమ్ జాసిం నమాజు చేసి, ఇద్దరు పిల్లల పేర్లూ కలిపి దువా చేసింది. రోజూ అడిగేది, తగ్గిందా, తగ్గిందా అని. నాలుగు రోజులు పోయాక తగ్గిందని చెప్పింది లోవమ్మ. ఈసారి తగ్గింది.

ఆ దయే ఇప్పుడు మీదికొచ్చింది. మొన్న పండగకి ఉమ్ జాసిం కొడుకు ఖాలిద్‌ను పిలిచింది. కఫీల్ అతనే, లోవమ్మ వీసా అతని పేరు మీదే ఉంది. ఒక తల్లిని బిడ్డకు దూరంగా నా వంటింట్లో కట్టేసుకున్నాను, ఆ పాపం నా మెడకు చుట్టుకుంటుంది, పంపించెయ్యి అంది. సెలవు మీద కాదు, మొత్తానికే. ఖలాస్. కాగితాలన్నీ అయిపోయాయి. ఈ సాయంత్రమే బొంబాయి విమానం.

ఎసట్లో బియ్యం వేసి, రొట్టెలకని లోవమ్మ వీధిలోకి వచ్చింది. రొట్టెల కొట్టు దగ్గర రామలక్ష్మి ఆమె కోసమే నిలబడి ఉంది. ఈ దేశంలో దుర్గ సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే.

"చెప్పెయ్యవే," అంది రామలక్ష్మి. "ఇంకా పొద్దుంది. పిల్ల లేదు మామా, ఊళ్లో నాకెవరూ లేరు అని కాళ్ల మీద పడు. ఆవిడే ఉండమంటాది."

"ఉండమంటాది వదినా. నాకూ తెలుసు."

"మరి ఏంటే నీ బాధ?"

లోవమ్మ వేడి రొట్టెలను గుడ్డలో చుట్టుకుంది. పొయ్యిలోంచి కొట్టే సెగకు కళ్లు చికిలించింది.

"పోయిందని తెలిశాక ఇంక ఆ పేరుతో పిలవరు కదా. లోవా అంటారు. లోవా అనిపించుకోడానికైతే ఇక్కడెందుకు, మా ఊళ్లోనే అంటారు."

రామలక్ష్మికి ముగ్గురు పిల్లలు. వాళ్లను అమ్మ దగ్గర వదిలి వచ్చింది. పైటచెంగుతో లోవమ్మ మెడ మీది చెమట తుడిచి, చేరగానే మా అమ్మకు కబురు పెట్టు, చిన్నోడికి చెవిపోటు తగ్గిందో లేదో కనుక్కో అంది.

మధ్యాహ్నం అందరూ తిన్నాక లోవమ్మ గిన్నెలు తోమింది, మసాలా డబ్బాలు తుడిచింది, గ్యాసు పొయ్యి కింద ఎవరూ చూడని చోట కూడా గీకి కడిగింది. నూరా మేడమెట్ల కమ్మీ మీద జారుతుంటే పరుగెత్తి పట్టుకుంది. ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్ల వినదు. రేపటి నుంచి ఎవరు పట్టుకుంటారు? పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. రోజుకు ఎన్నిసార్లు చూస్తుందో. అలవాటున పిల్ల కూడా నిలబడి చూడనిచ్చింది.

తర్వాత నువ్వులనూనె వెచ్చచేసి ఉమ్ జాసిం మోకాళ్లకు రాయడానికి కూర్చుంది. లావుపాటి మనిషి. గోరింటాకుతో ఎర్రబారిన పాదాలు, కీళ్ల దగ్గర వాపు. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి.

"మామా," అంది. "దుర్గ..."

"తెలుసు," అంది ఉమ్ జాసిం. కళ్లు మూసుకునే ఆమె చెయ్యి అందుకుంది. "దుర్గ ఎదురుచూస్తుంది. ఇన్నేళ్లు బిడ్డను వదిలి ఎలా ఉన్నావో నేను అడగను. నేనైతే ఉండలేకపోయాను. వెళ్లి గట్టిగా పట్టుకో దుర్గను."

ఒకే ఊపిరిలో రెండుసార్లు దుర్గ అంది ఆవిడ. ఆ పేరు పలికేటప్పుడు ఆవిడ నోట్లో అరబ్బీ ఉండదు, తునిలో పుట్టినట్టే అంటుంది. లోవమ్మ నూనెగిన్నెలో వేళ్లు ముంచింది. రెండో మోకాలికి నూనె రాసింది.

ఎండ వాలాక దేవన్న కారు తీశాడు. పెట్టె వెనక పెట్టాడు. గుమ్మం దగ్గర ఉమ్ జాసిం లోవమ్మ తల నిమిరి, చిన్న కాగితం పొట్లం చేతిలో పెట్టింది. నూరా కాలు కొలిచి తెప్పించానంది. దుర్గ కాలు ఇంకా పెద్దదైతే ఏం చెయ్యాలో తెలియక వేలెడు ఎక్కువే పెట్టించానంది. లోపల ఎర్ర పట్టీల చెప్పులు. రెండూ ఇంకా దారంతో కలిపి కట్టి ఉన్నాయి. లోవమ్మ వాటిని రొమ్ముకు ఆనించుకుని కారెక్కింది. గేటు దాటుతుండగా లోపలినుంచి ఆ పిలుపు ఇంకోసారి వినపడింది.

వంతెన మీదికి వచ్చేసరికి రెండువైపులా సముద్రం. నీళ్లు తక్కువగా ఉండి అడుగు మట్టి కనపడుతోంది. దేవన్న కరీంనగర్ అవతలి మనిషి, మాట తక్కువ. లోవమ్మే మాట కలిపింది. పెద్దబాబు జాసింను ఒక్కసారి కూడా కళ్ల చూడలేదన్నా, ఫోనులో గొంతే విన్నాను, ఈసారి వస్తే నా నమస్కారాలు చెప్పు అంది.

"జాసిమా? ఏ జాసిం?"

"లండన్‌లో ఉంటాడే. అందరూ హమూద్ అంటారు."

తమ ఊళ్లో ఇంట్లో అచ్చిబాబు అని పిలిచేవాడికి బళ్లో వేరే పేరుంటుంది. హమూద్ అన్నదీ అలాంటి ముద్దుపేరే అనుకుంది ఇన్నేళ్లూ.

"గాయన జాసిం కాదు," అన్నాడు దేవన్న. "జాసిం అందరికన్న ముందుగాల పుట్టిండు. నడక సుత రాకముందే సచ్చిపోయిండు. పండుగనాడు పొద్దుగాల పెద్దమ్మను గోరీల కాడికి తోలుకపోత గద, ఆ పొలగాని కాడికే."

లోవమ్మ అర్థం కానట్టు చూసింది. ఆ వెళ్లడం ఆవిడ భర్త సమాధికేమో అనుకునేది.

"మరి ఉమ్ జాసిం అంటారేంటన్నా?"

"గది ఈళ్ల రివాజు. పిల్లగాడు పోయినా తల్లి పేరు పోదు. బతికినన్ని దినాలు ఆమె ఉమ్ జాసిమే. ఎవలూ మార్వరు."

వంతెన అయిపోయింది. ఎడమవైపు పడవలు, కుడివైపు ఖర్జూరపు చెట్లు. లోవమ్మ కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. చాలాసేపటికి మామూలు గొంతుతోనే చెప్పింది.

"మా దుర్గ లేదన్నా. నేనిక్కడికి రాకముందే పోయింది."

దేవన్న కారు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. ఆయనకూ ఊళ్లో ఒక బిడ్డ ఉంది, రమ.

"ఎంత పిల్ల?" అని అడిగాడు.

"రెండేళ్లది."

"వీసా కొట్టేసిన్రు. ఇయ్యాల ఎనుకకు పోయినా ఏం ఫాయిద లేదు," అన్నాడు. "నేను పెద్దమ్మకు చెప్త. ఆమెకు సమజైతది. మల్ల కొత్త వీసా తీసి పిలిపిస్తదేమో."

లోవమ్మ తల అడ్డంగా ఊపింది.

"చెప్పకన్నా. నీ బిడ్డ మీద ఒట్టు. మా ఊళ్లో ఎలాగూ లేదు. ఆ ఇంట్లోనన్నా ఉండనియ్యి."

దేవన్న గేరు వేశాడు. కారు మళ్లీ కదిలింది.

విమానాశ్రయం ముందు మనుషులు, తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, చుట్టిన దుప్పట్లు. దేవన్న పెట్టె దించి తలుపు దాకా మోసుకెళ్లాడు. పైలమవ్వా అన్నాడు. ఆమె సరేనంది. లోపలికి పోయే జనంలో కలిసిపోయింది. సన్నటి మనిషి కదా, ఎక్కువసేపు కనపడలేదు.

ఆయన తిరిగివచ్చి వెనక తలుపు సరిగ్గా పడిందో లేదో చూడబోయాడు. సీటు కింద, గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లినట్టు, దారం తెంపి పక్కపక్కనే సర్దిపెట్టిన ఎర్ర పట్టీల చెప్పులు.